డ్రైవరమ్మ చెవిపట్టీ

ప్రియమైన మేస్త్రి గారికి,

కాలు ఎలా ఉంది? ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ గోడలకు సిమెంటు పూసిన మనిషి ఇప్పుడు తన కాలికే సిమెంటు కట్టు వేయించుకుని మంచం మీద ఉన్నాడంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. "కాలు దానంతటదే అతుక్కుంటుంది, అంబులెన్సు నడిపే ఉద్యోగం మళ్ళీ దొరకదు, నువ్వు వెళ్ళు" అని తరిమారు కాబట్టి శిక్షణకని ఈ కొండెక్కాను.

ఇక్కడ ఫోను పలకదు. చలి మాత్రం బాగా పలుకుతుంది, అదీ సరిగ్గా చెవుల్లో. నా చెవుల సంగతి మీకు తెలుసుగా. కొండదారిలో పనిచేసేటప్పుడు బండిలో ఉన్నా హెల్మెట్ తియ్యకూడదు. లోపల వాకీటాకీ హెడ్‌ఫోన్. టోపీ పెడితే హెల్మెట్ పట్టదు, మఫ్లర్ చుడితే హెడ్‌ఫోన్ జారిపోతుంది. బండి దిగి గాలిలో నిలబడ్డామా, చెవిలో మేకు దిగినట్టే. నిన్న ఆ పోటుకు కళ్ళు తిరిగి, దారి మధ్యలో బండి ఆపేశాను. "ఇంకోసారి ఇలా ఆగితే మూట సర్దుకోవాల్సిందేనమ్మా" అన్నాడు మా ట్రైనర్. మగవాళ్ళు ఆగితే జలుబు చేసిందంటారు. నేనాగితే, ఆడవాళ్ళకు అలవాటు లేదంటారు.

వచ్చేయాలనిపిస్తోందండీ. అమ్మకు మాత్రం చెప్పకండి.

మీ
డ్రైవరమ్మ

*

ప్రియమైన డ్రైవరమ్మకి,

వచ్చావంటే తలుపు తియ్యను. తియ్యాలన్నా లేవలేను, అది వేరే సంగతి.

నీ ఉత్తరం పక్కింటి నర్సమ్మ గారికి చదివి వినిపించాను. "టోపీ ఎందుకయ్యా, చెవుల మీదుగా తల చుట్టూ ఊలు పట్టీ ఒకటి వేసుకుంటే చాలు. పలచగా ఉంటుంది, హెల్మెట్ కింద ఇమిడిపోతుంది" అన్నారు. ఊలూ సూదులూ ఆవిడే ఇచ్చారు. అల్లడానికి తెలిసినవాళ్ళొకరు ఒప్పుకున్నారు. చేయి కొత్తది, అందుకని వంకలు పెట్టకు. కొలత నేనే చెప్పాను. నీ తల ఎంత ఉంటుందో నాకు టేపు అక్కర్లేదు.

పట్టీ ఇందులోనే పెడుతున్నాను. పెట్టుకుని బండెక్కు.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రి గారికి,

పట్టీ అందింది. మీరు నా తల కొలత చెప్పారా, మన నీళ్ళ బిందె కొలత చెప్పారా? పొద్దున పెట్టుకుంటే సరిపోయినట్టే ఉంది. కాసేపటికి సాగి కళ్ళ మీదికి వచ్చింది, ఆ తర్వాత మెడలోకి జారింది. దాని అంచులు ఎండుటాకులా చుట్టుకుపోతున్నాయి. "పలుపుతాడు బాగుంది" అని మావాళ్ళు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. గదిలోకి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఇంతకీ ఎవరండీ ఆ తెలిసినవాళ్ళు? "మీ ఆయన మంచం నిండా ఊలు ఉండలే, ఎవరొచ్చి వెళుతున్నారో ఏమిటో, నేను రాగానే అంతా దుప్పటి కింద దాచేస్తాడు" అని వదిన రాసింది. ఊలు దుప్పటి కింద దాచాల్సిన అవసరమేమొచ్చింది? నర్సమ్మ గారే అల్లితే ఆ మాట చెప్పచ్చుగా. నాకు చెవిపోటు చాలదని ఇదొక తలపోటా?

నెలాఖరుకు చివరి పరీక్ష. చెవులు ఇలాగే ఉంటే కూర్చునేది లేదు.

మీ
డ్రైవరమ్మ
(ఇంకా మీదేనని అనుకుంటున్నాను)

*

ప్రియమైన డ్రైవరమ్మకి,

మా అక్కకు పనిలేదు. నువ్వు పరీక్ష గెలిచి రా, ఆ మనిషిని నీ ఎదుట నిలబెడతాను. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకో.

తప్పెక్కడ జరిగిందో తెలిసింది. మొదటిదానికి పైవైపంతా ఒకే రకం కుట్టు. అలా అల్లితే అంచులు చుట్టుకుంటాయట, సాగిన ఊలు మళ్ళీ దగ్గరికి రాదట. ఈసారి రెండు కుట్లు పైకి, రెండు కుట్లు లోపలికి. వరస తిప్పినప్పుడు పైకి కనిపించే కుట్టు మీద పైకే, లోపలిదాని మీద లోపలికే. అప్పుడు నిలువు చారల్లా గాడులు పడతాయి. లాగితే విచ్చుకుంటాయి, వదిలితే మూసుకుంటాయి. తల కంటే కాస్త చిన్నగానే అల్లాలి, అదే సాగి పట్టుకుంటుంది. ఒకచోట ఒక్క కుట్టు తప్పితే, పైన వేసిందంతా విప్పి మళ్ళీ అల్లారు. వంకర గోడ మీద ఇంకో వరస ఎవరు కడతారు చెప్పు?

చేతిలో ఎలాగుందో చూసి భయపడకు. ఇది చిన్నదే. తలకు తొడిగి చూడు.

నీ
మేస్త్రి
(నీవాడే, అనుమానం అక్కర్లేదు)

*

ప్రియమైన మేస్త్రి గారికి,

గెలిచానండీ! ముందు ఆ మాట రాసేశాను, ఇక నెమ్మదిగా చెబుతాను.

పరీక్ష రోజు పొద్దున్నే ట్రైనర్ నా పక్కన కూర్చున్నాడు. బండి తీశానో లేదో, పైన వ్యాను బోల్తా పడిందని వాకీటాకీలో కబురు. "పరీక్ష తర్వాత చూద్దాం, పద" అన్నాడు. వెళ్ళాం. దెబ్బలు తగిలినవాళ్ళను ఎక్కించుకున్నాం. పైకెళ్ళి తిప్పుకుందామంటే ముందు దారి మంచు కూలి మూసుకుపోయింది. ఉన్నచోట బండి తిప్పడానికి వీల్లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వెనక్కే దిగాలి. వెనక అద్దమంతా మంచు. బండిలో మాతో వచ్చిన కాంపౌండర్ దిగి, వాకీటాకీ పట్టుకుని వెనక నడుస్తూ దారి చెబుతున్నాడు.

"ఎడమ... ఇంకొంచెం ఎడమ... నిదానం..."

అతను చెప్పేది వినడం తప్ప నాకు ఇంకో ఆధారం లేదు. కిటికీ దించి ఉంది, గాలి కోసేస్తోంది. అయినా నా చెవులు వెచ్చగా ఉన్నాయండీ! పట్టీ కదల్లేదు, హెడ్‌ఫోన్ జారలేదు. ఒక మలుపులో గాలి హోరు మధ్య గుసగుసలా వినిపించింది, "ఆగు!" అని. ట్రైనర్‌కు అది వినపడనే లేదు. బ్రేకు తొక్కాను. కాంపౌండర్ పరుగెత్తుకొచ్చి, "చక్రానికి, లోయకు మధ్య జానెడు కూడా లేదమ్మా" అన్నాడు. మళ్ళీ గేరు వేశాను. అందరినీ కిందికి దించాను, క్షేమంగా.

ఆస్పత్రి ముందు బండి ఆపి తాళం ఇవ్వబోతే, ట్రైనర్ నా గుప్పిట మూసేసి, "ఇక ఇది నీ దగ్గరే ఉంటుంది డ్రైవరమ్మా" అన్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు, ఆపుకోలేనంత.

గదికొచ్చి పట్టీ తీసి తిరగేశాను. మెడ దగ్గర రెండు కొసలూ కలిపినచోట ఒక ముడి ఉంది. రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి తోసి బిగించిన ముడి. ఇది ఊలు అల్లేవాళ్ళ ముడి కాదు. పరంజా కర్రలు కట్టేవాళ్ళ ముడి. మన పెళ్ళయిన కొత్తలో మీరు కట్టిన ఉయ్యాలకు అదే ముడి, అటక మీది పెట్టెకు అదే ముడి.

దుప్పటి కింద దాచింది మీ చేతులనా? ఎందుకండీ? నా చుట్టూ ఉన్న మగవాళ్ళందరికీ చూపించాను, మా ఆయన అల్లాడని. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాకూ కావాలంటున్నారు.

మీ
డ్రైవరమ్మ

*

ప్రియమైన డ్రైవరమ్మకి,

దొరికిపోయాను.

ఇటుకలు ఎత్తిన చేతులు సూదులు పట్టాయంటే మావాళ్ళు ఏమంటారోనని భయం. నువ్వు కూడా, అయ్యో, ఈయన గతి ఇలా అయిందే అని జాలిపడతావేమోనని ఇంకా పెద్ద భయం. ఎవరైనా తలుపు తడితే చాలు, ఊలంతా దుప్పటి కిందికి తోసేసేవాణ్ణి. మొదటి పట్టీకి నువ్వు పెట్టిన వంకలన్నీ ముఖం మాడ్చుకుని చదివాను, తెలుసా?

నీ ఉత్తరం రాగానే ఊతకర్రల మీద వీధి అరుగు దాకా నడిచాను. పట్టపగలు, అందరూ పనికి వెళ్ళే వేళ, ఊలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా కూలీల జట్టు అటే వచ్చింది. పహిల్వాన్ అని పిలుస్తామే, సిమెంటు బస్తా ఒంటిచేత్తో లేపుతాడు, వాడు ఆగి, "ఇదేంటి మేస్త్రీ, సూదులు పట్టావు?" అని పగలబడి నవ్వాడు.

నేను నీ ఉత్తరం తీసి, బండి వెనక్కి దిగిన భాగం పైకి చదివాను. "ఆగు" అన్నచోట పహిల్వాన్ ఊపిరి బిగబట్టాడు.

"మా వదిన!" అన్నాడు వాడు చదవడం అయ్యాక, తనే బండి దించినట్టు ఛాతీ విరుచుకుని. "ఇంకా ఎన్ని అల్లాలి మేస్త్రీ? నన్నేం చెయ్యమంటావు?"

ఈ ఉత్తరం రాసే సమయానికి వాడు నా ముందు రెండు చేతులూ చాపి కూర్చున్నాడు, నేను ఉండ చుట్టడానికి వీలుగా చేతులకు ఊలు చిలప తగిలించుకుని. కదిలితే చిక్కుపడుతుందని బెదిరించాను. ముక్కు దురద పెడుతోందట, గోకమని బతిమాలుతున్నాడు. ఉండరా, మీ వదినకు సంతకం చేసి వస్తాను అన్నాను.

నీ గెలుపు చూసి పొంగిపోతున్న
నీ మేస్త్రి