అమ్మమ్మ కోసం రాసిన ప్రార్థన

మార్చి 9, ఆదివారం

మావయ్యా,

ఈ రోజు నన్ను నిద్ర లేపింది నా గొంతే. నేను చదివిన ప్రార్థన మీ పార్టీ ప్రచారబండి మైకులో మోగుతూ మన వీధిలోకి వచ్చింది.

అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు రాసిన ప్రార్థన అది. "ఉదయం" అనాలా, "వేకువ" అనాలా అని ఎంత తర్జనభర్జన పడ్డానో నీకు తెలుసు. "నీ మాటల్లో మహిమ ఉందే కోడలా! నా ఫోనులో చదివిపెట్టు, ఊళ్ళు తిరిగేటప్పుడు అమ్మను తలుచుకుని వింటాను" అన్నావు. పొంగిపోయి చదివాను.

మైకు వినగానే అమ్మమ్మ మంచం దిగింది. కిటికీ ఊచలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, నా గొంతుతోపాటు పెదవులు కదిపింది. "నొప్పి లేని ఒక్క వేకువ మా అమ్మమ్మకు ఇవ్వు దేవా" అనే చివరి వాక్యం రావాల్సిన చోట నా గొంతు ఆగిపోయింది. ఎవరిదో మగగొంతు అందుకుంది: "దేవుడు పంపిన మన నాయకుడికే మీ ఓటు! ఆయన్ని కాదంటే దేవుణ్ణి కాదన్నట్టే!"

అమ్మమ్మ కళ్ళు తెరిచింది. "నన్నెందుకు తీసేశారే? నేనేం తప్పు చేశాను?" అని అడిగింది.

"నీ కొడుకే తీసేశాడు" అని ఆమెతో చెప్పడానికి నోరు రాలేదు. మైకు పాడైందన్నాను. కన్నతల్లి ప్రార్థనలోంచి ఆ తల్లినే దించేసి, అక్కడ మీ నాయకుణ్ణి ఎలా కూర్చోబెట్టగలిగావు మావయ్యా?

బండి రేపు పొద్దున్న మళ్ళీ వస్తుందట. అమ్మమ్మకు కిటికీ తెరిచిపెట్టి, నేను వెళ్ళి దానికి అడ్డంగా నిలబడతాను. ఆ మగగొంతు మొదలయ్యే చోట చివరి వాక్యం నేనే గట్టిగా చదువుతాను. బండిలో ఉంటే నువ్వూ వింటావు.