గడ్డి మీద కుస్తీ

బావా,

నువ్వు పోయి ఏడాదైంది. అక్కయ్య నీ సంవత్సరీకం చేసిన మర్నాడే నేను నూజివీడు వెళ్లి, నువ్వు పదేళ్లు ఎదురుచూసిన కుస్తీ చూసొచ్చాను. నీ సింహాద్రికీ, నా కోటయ్యకీ మళ్లీ పోటీ పెట్టారు. మొదటిసారి సింహాద్రి కాలు జారి పడ్డాడే తప్ప ఓడిపోలేదని నాతో ఎంత పోట్లాడావో గుర్తుందా. ఆ కోపంతో మా ఇంట్లో విస్తరి ముందునుంచి లేచిపోయావు.

చూడాల్సిందేమీ లేదు. ఇద్దరికీ యాభై దాటాయి. సింహాద్రి ఇప్పుడు ఆగిరిపల్లిలో తోట కాపలా. కోటయ్యకి పొట్టొచ్చింది. మట్టి తవ్వించే ఓపిక లేక, మండీలో మామిడికాయలు ముగ్గేసే గడ్డినే పరిచేశారు. ఒంటినిండా నూనె పట్టించుకొచ్చిన వస్తాదులిద్దరూ ఒక్కసారి దొర్లేసరికి నిలువెల్లా గడ్డి అంటుకుని దిష్టిబొమ్మల్లా లేచారు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేనే. మూడో పట్టుకే సింహాద్రి వెల్లకిలా పడ్డాడు. ఈసారి కాలు జారలేదు బావా, ముందు వరసలోంచి చూశాను.

అయిపోయాక సింహాద్రి దగ్గరికెళ్తే, ఛాతీ మీది గడ్డి ఏరుకుంటూ, "మీ బావగారు రాలేదేంటండీ?" అని అడిగాడు. నువ్వు పోయిన సంగతి అతనికి తెలీదు.

"రమ్మన్నాను. ఆ ముసలాళ్ల కుస్తీలో చూడ్డానికేముంది అన్నాడు" అన్నాను.

చేతిలో గడ్డి కింద పడేసి, "ఆయనకి మాత్రం నేను ఓడిపోయానని చెప్పకండి" అన్నాడు.

చెప్పేశాను.