కాగితం కప్పు

నాయనా,

ఏటా ఈస్టర్‌కు ముందు శ్రమల దినాల్లో నలభై రోజులు టీ మానేసేవాడివి. ఈస్టర్ మర్నాడే ఊరి సెంటర్లో దుకాణానికి వెళ్లి, ఊరవతల మన పేటవాళ్లకని వేరుగా పెట్టిన కాగితం కప్పులో తాగేవాడివి. మిగతావాళ్లకు గాజు గ్లాసులు. నువ్వు పోయాక ఇదే మొదటి ఈస్టర్. ఈసారి నీ బదులు నేను మానేశాను.

ఇవాళ కూలికి పోతుంటే దుకాణం మామ పిలిచాడు.

"ఏందమ్మి, పండగ అయిపోయింది గదా! టీ తాగవా?"

"గాజు గ్లాసులో పోస్తే తాగుతా మామా."

"మీ నాయన ఎప్పుడన్నా ఇట్ల అడిగినాడా?"

"అడగలేదు. నేను అడుగుతున్నా."

ఆయన కాగితం కప్పే ముందుకు తోశాడు. అందరూ చూస్తుండగా దాన్ని అక్కడే వదిలేసి కూలికి రాచర్ల పోయే ఆటో ఎక్కాను.

టీ కోసం ప్రాణం లాగేస్తోంది. అయినా ఆ కప్పు ఇక ముట్టను, నాయనా. నువ్వు కోప్పడినా సరే.