పచ్చకోకల దొరసానులు

వాల్తేరు,
12-4-86

అమ్మకు,

కార్డుకు నాలుగు మూలలా పసుపు చూడగానే, పోస్టుమాన్ పోతురాజు బాబాయి చదవకముందే, మంచి కబురని నీకు తెలిసిపోయి ఉంటుంది. నాకు డాక్టరేటు వచ్చింది. తోటపని వాళ్ళ పిల్లలు ఇంటి దగ్గర గలగలా మాట్లాడి, బడిలో ఎందుకు మూగబోతారన్నదే కదా ఇన్నాళ్ళ నా పరిశోధన! నిన్న చివరి పరీక్షలో ఒక పెద్దాయన, "చదువులేని ఇళ్ళల్లో అసలు మాటలే తక్కువ కదమ్మా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆగిరిపల్లి తోటలో చిలకల్ని తోలుతూ నువ్వు తిట్టే తిట్లు నీ గొంతుతోనే వినిపించాను. "మీ ముక్కులు అరిగిపోను! ఒక్క కాయ తినలేక చెట్టంతా ఎంగిలి చేస్తారేంటే, పచ్చకోకల దొరసానుల్లారా!" అనేసరికి గదంతా నవ్వులు. ఆ పెద్దాయన కూడా నవ్వి, "ఇంకా ఉన్నాయా?" అని అడిగారు. "మా అమ్మ పొద్దుగూకేదాకా తిడుతుందండీ" అన్నాను.

నాన్న దగ్గు తగ్గిందా? హనుమాన్ జంక్షన్ బస్సులో కాయలు పంపొద్దు, నేనే వస్తున్నాను. ఆవకాయ నేను వచ్చాకే కలుపు. తిట్లు మింగకుండా చదివినందుకు బాబాయికి నమస్కారాలు.

అన్నట్టు, తమ్ముడు వాడి కూతురు సరోజను కాయలేరడానికి పంపుతానంటే ఒప్పుకోకు. జూన్‌లో బళ్ళో వెయ్యాలి. మొదటిరోజు నువ్వే తీసుకెళ్ళు. అది బెదిరిపోయి నోరు విప్పకపోతే కోప్పడకు. పంతులుగారి ముందే ఒక్కసారి చిలకల్ని తోలమను.

నీ మాణిక్యం