పెళ్ళి వీడియోలో నాన్న గిటారు

అమీర్‌పేట,
ఆదివారం సాయంత్రం.

నాన్నకి,

నీ కొడుకు రవి నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ నడుం నొప్పి ఎలా ఉంది? అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? మామ్మ కంటి చుక్కల మందు అయిపోయిందన్నారు, తెచ్చారా? చెల్లి పరీక్షలు బాగా రాశానంటోంది, నిజమేనా?

ఫోను ఉండగా ఉత్తరం ఏంటనుకుంటావు. ఫోన్లో నువ్వు "ఆ, తిన్నావా? ఇదిగో మీ అమ్మ" అని రెండో మాటకే తప్పుకుంటావు. ఈ కాగితం పైన నీ పేరు రాశాను, దీన్ని అమ్మకిచ్చి తప్పుకోలేవు. కోపంగా ఉన్నాను, చివరిదాకా చదువు.

ముందు నా సంగతి. పొద్దున్నే కోచింగు. ఒక్క గదిలో అందర్నీ కుక్కి, స్క్రీను మీద కనబడనిదేదో చూపిస్తారు. మధ్యాహ్నం నుంచి పంజాగుట్టలో ఆఫీసు. చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని, ఎవరో చేసిన తప్పుకి ఎవరో తిట్టే తిట్లు నేను వినాలి, "అర్థమైంది సార్" అనాలి. జీతమిచ్చేది తిట్లు తినడానికే. వాన పడితే రోడ్డేదో కాలవేదో తెలియదు, మెట్రో మెట్ల కిందే నిలబడిపోతాం. హాస్టల్ పప్పు పల్చగా ఉంటుంది, సాంబారు తియ్యగా ఉంటుంది. అయినా తింటున్నాను, బెంగ పెట్టుకోవద్దు. ఎవరైనా ఇటు వస్తుంటే మాగాయ పంపమని అమ్మకి చెప్పు. నేను బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. నీ గిటారు వచ్చే ఆదివారం చర్చి కుర్రాళ్ళకి ఇచ్చేస్తున్నావని అమ్మ చెప్పింది. "అటక మీద ఎలకలు కొరికే కన్నా నయం" అన్నావట. ఇచ్చేముందు ఇక్కడ ఏం జరిగిందో విను.

నా గదిలో ఇద్దరున్నారు. నరేశ్‌ది వరంగల్, నాతో పాటే కోచింగు. ఇమ్రాన్‌ది మహబూబ్‌నగర్. పంజాగుట్టలో వాయిద్యాలమ్మే షాపులో పని, తనకీ ఒక పాత గిటారుంది. పోయిన నెల ఒక ఆదివారం, చికెన్ తిన్నాక, ప్రపంచంలో అందర్లోకీ గొప్ప గిటారిస్టు ఎవరని వాదన మొదలైంది. నరేశ్ అమెరికా వాడంటాడు, ఇమ్రాన్ ఇంగ్లండు వాడంటాడు. ఇద్దరూ ఫోన్లు ఎత్తి ఒకడి మొహం మీద ఒకడు పెట్టుకుంటున్నారు. నేను ఊరుకోలేకపోయాను.

"గొప్పవాడని తేల్చింది ఎవరు? క్యాసెట్లూ సీడీలూ అమ్ముకున్న కంపెనీలు. చల్లటి స్టూడియోలో ఒక్క పాటకి నెల రోజులు కూర్చున్నవాడికీ, వానలో, కరెంటు పోయి జనరేటరు పొగ మొహాన కొడుతుంటే తెల్లారేదాకా వాయించినవాడికీ పోటీ ఎలా పెడతారు?" అన్నాను.

"గట్లయితే గాయన పేరు చెప్పరాదే" అన్నాడు నరేశ్.

"మా నాన్న."

ఇద్దరూ పక్కల మీద పడి నవ్వారు. నరేశ్ కళ్ళు తుడుచుకుని, "మొన్ననే గదా అన్నా, గా ఎర్రట్ట సన్న పుస్తకం సదివి, గొప్పోళ్ళని ఎవ్వలుండరు, జనమే గొప్ప అని మా చెవులు దిన్నవ్? ఇయ్యాల మీ నాయిన ఒక్కడే గొప్పోడైండా?" అన్నాడు.

 చేతికందిన పప్పు గిన్నె వాడి మీదికి విసిరాను. పప్పు పడిన దుప్పటి మర్నాడు నేనే ఉతికాను, ఆ సంగతి అమ్మకి చెప్పకు. కానీ నరేశ్ అంతకన్నా పెద్ద దెబ్బే కొట్టాడు. "వీడియో ఉంటే చూపియ్యి. మంచిగుంటే నా ఓటు మీ నాయినకే" అన్నాడు.

వీడియో లేదు నాన్నా. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఆర్కెస్ట్రాతో గోదావరికి ఈ పక్కా ఆ పక్కా ఎన్ని పెళ్ళిళ్ళలో వాయించావు! మనింట్లో ఒక్క ముక్క లేదు.

అప్పుడు గుర్తొచ్చాడు సత్తిబాబు మావయ్య. మన వైపు పెళ్ళి వీడియోలన్నీ తీసినాయనే, ఇప్పుడు కృష్ణానగర్లో ఎడిటింగు చేసుకుంటున్నాడు. పోయిన ఆదివారం షేర్ ఆటో ఎక్కి వెళ్ళాను. టీ పోయించి, పాత హార్డ్ డిస్కులు వెతికి, రైసుమిల్లు వాళ్ళమ్మాయి పెళ్ళి పెట్టాడు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పాట పాడే ఆవిడ, ఆవిడ భుజం వెనక నువ్వు. మెరుపుల నీలం చొక్కా, నెత్తి నిండా జుట్టు. కుర్చీ స్క్రీను దగ్గరికి లాక్కున్నాను.

కానీ వినబడేది సినిమా పాట! నీ వేళ్ళు ఒకటి వాయిస్తుంటే, బయటికి ఇంకెవడో స్టూడియోలో వాయించింది వస్తోంది.

"అసలు సౌండేది మావయ్యా?"

"తీసేశాం రా. జనం గోల, గిన్నెల చప్పుడు, మైకు కూత. ఎవడుంచుతాడు? సినిమా పాటేస్తేనే పెళ్ళోరికి ముచ్చట. అన్నీ అంతే."

అన్ని పెళ్ళిళ్ళూ అంతే. నేను అరిచాను. "ఒకడి శ్రమ మీద ఇంకొకడి పాట పూయడానికి నీకు హక్కెవరిచ్చారు?" అన్నాను. ఆయన నవ్వాడు. "మీ నాన్న కళ్ళముందే ఏసేవోడినిరా. 'పోనీలే సత్తీ, ఆళ్ళ పెళ్ళి, ఆళ్ళ ముచ్చట' అనేవోడు" అన్నాడు.

ఎందుకు పోనిచ్చావు? ఆర్కెస్ట్రాలు పోయి డీజేలు వచ్చినప్పుడు కూడా పోనీలే అన్నావు. ఇవాళ వాళ్ళ స్పీకరు బాక్సులే నడుం మీద మోస్తున్నావు. నడుం నొప్పి ఎలా ఉందని పైన అడిగాను చూడు, దాని మీదా నాకు కోపమే.

వీడియో ఫోన్లో వేయించుకుని వచ్చి గదిలో చూపించాను. "మీ నాయిన చేతులొక తాన, పాటొక తాన" అని నరేశ్ మళ్ళీ నవ్వబోయాడు. ఇమ్రాన్ మాత్రం, "ఆగు భాయ్. జర సౌండ్ బంద్ చెయ్" అన్నాడు. తన గిటారు ఒళ్ళో పెట్టుకుని, నీ ఎడమ చెయ్యి చూస్తూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, నువ్వు ఎక్కడ వేలు పెడితే అక్కడ తనూ పెట్టాడు. కాసేపటికి పాట బయటికొచ్చింది. స్నానానికి నీళ్ళు తోడుకుంటూ నువ్వు ఈల వేసే పాట! నరేశ్ తన ఫోను పక్కన పెట్టేశాడు.

చరణం ముందు పాడే ఆవిడ మైకు దించి పక్కకి జరిగింది. నువ్వు ముందుకొచ్చావు. కళ్ళు మూసుకున్నావు. చెయ్యి గిటారు మెడ మీద కిందికి జారింది, వేళ్ళు లేచాయి, ఇమ్రాన్ ముందుకు వంగాడు. సరిగ్గా అప్పుడు కెమెరా భోజనాల వైపు తిరిగింది. విస్తళ్ళు, పూతరేకులు, మజ్జిగ తాగుతున్న ఒక లావుపాటాయన. మళ్ళీ నీ వైపు వచ్చేసరికి నువ్వు చేతి రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటున్నావు. ప్యాడ్స్ వాయించే ఆయన కర్రలు రెండూ ఒళ్ళో పడేసి, నోరు తెరుచుకుని నీ వంకే చూస్తున్నాడు.

"యా అల్లా, ఏం వాయించిండు భాయ్ మీ అబ్బా? ఆయన మొహం చూడు!" అన్నాడు ఇమ్రాన్.

నరేశ్‌ని ఓటు అడిగాను. "ఎయ్య అన్నా. ఇనకుంట ఎట్లేస్త?" అన్నాడు. ఈసారి వెక్కిరించలేదు, మెల్లగా అన్నాడు. వాడి మాట నిజం. అందుకే నాకింత మంట.

నా సన్న పుస్తకాల్లో దీనికి మందు రాయలేదు, వెతికాను. వాళ్ళ మీద గెలవాలని కూడా ఇప్పుడు లేదు. రైసుమిల్లు పెళ్ళిలో నువ్వేం వాయించావో ఆ ప్యాడ్స్ ఆయనకి తెలుసు, నీకు తెలుసు. నీ కొడుకుని, నాకు తెలియదు. గిటారు ఇస్తే ఇచ్చుకో, ఆ కుర్రాళ్ళు నేర్చుకుంటారు. ఇచ్చేముందు ఒక్కసారి దించి, తీగలు బిగించి, చరణం ముందు ఆ బిట్టు వాయించు. మర్చిపోయానని అనొద్దు. పోనీలే అని అసలే అనొద్దు.

మామ్మకీ, పెదనాన్న వాళ్ళకీ నా నమస్కారాలు. చెల్లికి ముద్దులు. అమ్మతో నేను బాగా తింటున్నానని చెప్పు. నన్ను దీవించు, నా నోటికి కాస్త అదుపు రావాలని కూడా దీవించు.

వీడియో తియ్యడానికి చెల్లి ఫోను పట్టుకుంటుంది. వాకిట్లోకి ఎవరొచ్చినా సరే, నీ చేతుల మీంచి పక్కకి తిప్పొద్దని దానికి గట్టిగా చెప్పాను.

కోపం ఇంకా తగ్గని
నీ కొడుకు
రవి