నిదానంగా మూయాల్సిన వాల్వు

మే నెల, మంగళవారం. జొన్నలు ఏరి మరకు పంపాను. దుప్పట్లు ఉతికాను. వడియాలు పెట్టాను.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి సునీత సాయంత్రం కంప్యూటర్లో వాళ్ల నాన్న పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ నీటి పైపును గీసి చూపించింది. వాల్వు గబుక్కున మూస్తే, వేగంగా వచ్చే నీళ్లు ఒక్కసారిగా ఆగి పైపును గుద్దుతాయట. తెరమీద ఆ దెబ్బ పడే చోట, పైపు వంపు ఎర్రబడింది. ఆయన నిలబడి చక్రం తిప్పేది అక్కడే.

"నిదానంగా తిప్పు నాయనా. పైపు పగుల్తాది" అంది.

"ట్యాంకు నిండి నీళ్లు పొర్లిపోతాంటే చూస్తా నిలబడల్లనా? ఈ సీమలో పుట్టినోని చెయ్యి ఆగుతాదా పాపా?" అని నవ్వుతూ ఆయన రాత్రి డ్యూటీకి వెళ్లారు.

నాకు నవ్వు రాలేదు. ఇంట్లో కొళాయి చుక్క కారినా లేచి వెళ్లి బిగించే మనిషి. ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అన్నం సహించలేదు.

ఇప్పుడే ఫోన్ చేశారు. "మూసినా లేయే, పాప చెప్పినట్టే నిదానంగా. శానా నీళ్లు పొర్లిపాయ. పానం ఉసూరుమన్యాది."

"పోతే పోనీలే" అన్నాను. నీళ్ల గురించి ఆ మాట అనడం నాకిదే మొదలు.

రేపు కూడా రాత్రి డ్యూటీనే. అయినా, నిదానంగా మూస్తానని సాయంత్రం పాపకు ఇవ్వకుండా వెళ్లిన మాట ఈ పూటకు చెల్లించారు. బాకీ తీరినట్టే రాసుకుంటున్నాను.