తువ్వాలు కప్పుకున్న పిల్ల

మా నిచ్చెనమ్మకు నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగున్నాం. బాగున్నాం అంటే ఒంట్లో బాగున్నాం. ఇంట్లో మాత్రం మీ అమ్మ నాతో మాటలు మానేసింది. కంచం పెడుతుంది, నీళ్ళ గ్లాసు పెడుతుంది, ఏదైనా చెప్పాలంటే గోడకి చెబుతుంది. "గోడా, బయట బట్టలు తడిసిపోతున్నాయి" అంటే నేను లేచి వెళ్ళి తెస్తున్నాను. కారణం ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు రాస్తాను. అమ్మ పంటి నొప్పి తగ్గింది. డాక్టరు పీకేస్తానంటే "నా పన్ను, నా ఇష్టం" అని కుర్చీలోంచి లేచి వచ్చేసింది. వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది, రేపు బాగుచేస్తానని నేనూ రోజూ అంటూనే ఉన్నాను. నాకు కొత్త రూటు ఇచ్చారు, ఆసుపత్రి నుంచి రైల్వే స్టేషను దాకా. బస్సు పాతది, బ్రేకు వేస్తే మూలుగుతుంది. మూలిగేది బస్సు, తిట్లు తినేది నేను.

ఇక నువ్వు రాసిన అసలు సంగతి. ఆ కాగితం మడతల దగ్గర చిరిగేదాకా చదివాను. వచ్చే సీజన్లో నిన్ను పాయింట్ గార్డ్‌గా ఆడిస్తామని, బంతి నీ చేతిలోనే ఉంటుందని, ఎవరు ఎటు పరిగెత్తాలో నువ్వే చెప్పాలని మీ బాస్కెట్‌బాల్ కోచ్ మేడం అన్నారు. ఇన్నాళ్ళూ పొడుగ్గా ఉన్నావని బుట్ట కింద నిలబెడితే మోచేతి పోట్లు తిన్నదానివి, ఎంత మురిసిపోయి ఉంటావో నాకు తెలుసు. వారం తిరక్కుండా ఆ చోటు ఇంకో అమ్మాయికిచ్చి, "నువ్వు బెంచి మీదుండు, ఎవరైనా అలిసిపోతే దిగుదువుగాని" అన్నారట. "నాన్నా, నాలో ఏం తక్కువైంది? అడిగితే నీ మంచికే అంటున్నారు. నీకేమైనా అర్థమవుతోందా?" అని రాశావు.

అర్థమవుతోంది తల్లీ. అది చెబుదామనే మొన్న ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే "అక్కడ వానలు పడుతున్నాయా?" అని అడిగి పెట్టేశాను. అందుకే ఉత్తరం. కాగితమైతే మధ్యలో "ఏంటి నాన్నా అలా ఉన్నావ్?" అనదు.

పోయిన సీజన్లో నీ ఆఖరి మ్యాచ్ చూడటానికి సెలవు పెట్టి వచ్చాను కదా. సగం ఆట అయ్యాక నువ్వు బెంచి చివర కూర్చుని తల మీద తువ్వాలు కప్పుకున్నావు. మిగతా పిల్లలు నీళ్ళు తాగుతూ గోల చేస్తుంటే నువ్వు కదల్లేదు, మెదల్లేదు. మనింట్లో తల మీద గుడ్డ కప్పుకుంటే దానికి ఒకటే అర్థం: మీ అమ్మకి తలనొప్పి, ఎవరూ పలకరించకూడదు, గిన్నె చప్పుడు కాకూడదు. పిల్ల అలిసిపోయింది, ఎవరితో చెప్పుకోలేక ఏడుస్తోంది అనుకున్నాను. తర్వాత నువ్వు నవ్వుతూ వస్తే, నా కోసం నవ్వుతున్నావనుకున్నాను.

ఇప్పుడేమో ఉత్తరం చివర రాశావు: "తువ్వాలు కప్పుకుని మిగతా సగం ఆటని ముందే కళ్ళలో ఆడేసుకుంటాను నాన్నా. అలాంటి నాకా ఆ చోటు ఇవ్వనిది?" ఆ మాట దగ్గరే నేను చేసిన పని నాకు తెలిసొచ్చింది.

నీకు ఆ చోటిస్తానన్నాక మేడం నాకు ఫోన్ చేశారమ్మా. పెద్ద బాధ్యత అప్పగించేముందు ఇంట్లోవాళ్ళని ఒక మాట అడగడం ఆవిడ పద్ధతట. "మీ అమ్మాయి చేతిలో ఆట పెడుతున్నానండీ. సెలవుల్లో కూడా ప్రాక్టీసు ఉంటుంది. మీరేమంటారు?" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "అది పైకి చెప్పదు గాని తట్టుకోలేదండీ. తల మీద గుడ్డేసుకుని ఏడ్చింది, నా కళ్ళతో చూశాను. కాస్త బరువు తగ్గించండి. నేను చెప్పానని మాత్రం దానికి తెలియనివ్వకండి" అన్నాను. కన్న కూతురి నోటి దగ్గర కూడు లాగేశాను.

ఇక్కడితో ఆపేస్తే, తెలియక చేశాడులే పాపం అని నువ్వు క్షమించేస్తావు. నీ సంగతి నాకు తెలుసు. కానీ ఇది సగం నిజమే. "సెలవుల్లో కూడా ప్రాక్టీసు" అన్న మాట చెవిన పడ్డాకే నా నోరు అంత తొందరగా తెరుచుకుంది. సెలవులకి నువ్వొస్తే నా వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కొత్త రూటంతా తిప్పాలని ఆశపడ్డాను. తువ్వాలు నాకు సాకుగా దొరికింది. జాలి అని పేరు పెట్టుకున్నాను గాని, అది ఒట్టి స్వార్థం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను స్పేర్ డ్రైవర్ని. యూనిఫాం వేసుకుని డిపోలో బల్ల మీద కూర్చోవాలి. ఎవరికైనా జ్వరమొస్తేనే మన చేతికి బస్సు. పొద్దున్నే లేచి పక్కవాడికి జ్వరం రావాలని కోరుకోవడం ఎంత పాపిష్టి బతుకో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ తెలిసీ నిన్ను ఆ బల్ల మీద కూర్చోబెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే మీ అమ్మకి చెప్పేశాను. "దాన్ని అడిగారా?" అంది. లేదన్నాను. "మరి దాని మాట మీ నోటితో ఎలా చెప్పారు?" అంది. అంతే, ఆనాటి నుంచీ గోడతోనే.

నిన్న మేడంకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చీవాట్లు పెట్టారు, పడ్డాను. "ఆ రెండో అమ్మాయి ప్రాణం పెట్టి నేర్చుకుంటోందండీ. మీరు లేపమంటే లేపడానికి, కూర్చోబెట్టమంటే కూర్చోబెట్టడానికి ఆ చోటేమన్నా మీ బస్సులో సీటా? ముందు మీ అమ్మాయికి మీరే చెప్పండి. కావాలనుకుంటే తనే వచ్చి నన్ను అడగాలి. ఇద్దర్నీ ఆడించి చూస్తాను, బాగా నడిపినవాళ్ళకే ఆ చోటు" అన్నారు.

కాబట్టి అది నీకు దక్కుతుందో లేదో చెప్పలేను. పోగొట్టడం చేతనైంది గాని తెచ్చివ్వడం నా చేతిలో లేదు. ఈ ఉత్తరం చదవగానే వెళ్ళి అడుగు. నువ్వు గెలిస్తే సెలవులకి రావద్దు, అక్కడే ఉండి ఆడుకో. నా మీద కోపంతో మాట్లాడాలనిపించకపోతే మానెయ్, నేనేమీ అనుకోను. గోడ పక్కన బతకడం అలవాటైపోయింది.

వచ్చే సీజన్ మొదటి మ్యాచ్‌కి నువ్వు రమ్మంటేనే వస్తాను. ఎక్కడో వెనక కూర్చుంటాను. సగం ఆటకి నువ్వు తువ్వాలు కప్పుకుంటావు. పక్కవాళ్ళెవరైనా "అయ్యో, ఆ పిల్లకేమైందండీ?" అంటే, "నాకేం తెలుసండీ, ఆ పిల్లనే అడగండి" అంటాను.

ఇట్లు,
అడగకుండా నీ మాట చెప్పేసిన
మీ నాన్న